సిరిల్ చెయ్యి ఎందుకు లేవలేదు

మా అక్క కూతురు మెర్లా మా సెయింట్ హెలీనా దీవిలో మనుషుల హక్కుల ఆఫీసులో పనికి కుదిరినప్పుడు దీవి దీవంతా నవ్వింది. "హక్కులు తాజావేనా, నిన్నటివా?" అని చేపల దుకాణం దగ్గర అడిగిన పెద్దమనుషులున్నారు. "మీరు పారేసుకున్నవే మామా, దులిపి ఇస్తాను" అనేది మా పిల్ల.

ఇక్కడ అందరూ అందరికీ చుట్టాలే. ఎవరిమీద ఫిర్యాదు చేసినా సొంత మేనమామ మీదో వదిన మీదో చేసినట్టే. అందుకే ఏడాది తిరిగినా ఆమె గడప ఎవరూ తొక్కలేదు. "మా ఇంట్లో అలాంటివేం లేవు" అనే మాట మాత్రం ప్రతి ఇంట్లోనూ తయారుగా ఉండేది.

మా దీవిలో ఎదురొచ్చిన బండికి చెయ్యి ఊపకపోవడం మొహం మీద ఉమ్మినంత పని. హాఫ్ ట్రీ హాలో అనే ఊరి మలుపులో పడవల సిరిల్ తన వరండాలో కూర్చుని వచ్చేపోయే ప్రతి బండికీ చెయ్యి ఊపేవాడు. ఆ చలికాలం మానేశాడు. "ముసలాడికి కొవ్వెక్కింది" అన్నాడు లారీ నడిపే డెస్మండ్. చర్చి ఆడవాళ్లు మూతులు తిప్పారు. ఏమైందని అడిగిన నాథుడు లేడు.

ఒకరోజు ఆ మలుపులో మెర్లా కారు ఆపేసింది. పక్కన నేను, నా ఒళ్లో వేడి చేపవడలు.

"పిన్నీ, తల ఊపుతున్నాడు చూశావా? చెయ్యి కాదు, తల."

"మెడ పట్టేసి ఉంటుంది. పదవే, వడలు చల్లారిపోతాయి."

వింటేగా! మెట్లెక్కి, ముసలాయన మీది దుప్పటి తీసింది. రెండు మణికట్లూ కుర్చీ చేతులకు కట్టేసి ఉన్నాయి. ఒరుసుకోకుండా కింద మెత్తటి గుడ్డ కూడా చుట్టారు.

"థెల్మా కట్టింది. మంచి పిల్ల, నొప్పెట్టకుండా కడుతుంది" అన్నాడు సిరిల్. థెల్మా ఆయన అన్న కూతురు. "ఒంటికి వస్తేనే కష్టం. అది పని నుంచి వచ్చేదాకా బిగపట్టుకోవాలి."

అప్పుడే థెల్మా వచ్చింది. దుప్పటి కింద పడి ఉండడం చూసి మండిపడింది.

"మా ఇంటికొచ్చి నన్ను రాక్షసిని చేస్తావా? రేవుకు పోతానని దిగి, మెట్ల మీద పడి తల పగలగొట్టుకున్నాడు. మళ్లీ పడి చస్తే నువ్వొచ్చి ఏడుస్తావా?"

"రాక్షసివని ఎవరన్నారు వదినా? భయం నీది, చేతులు ఆయనవి. నీ భయానికి ఆయన చేతులు కట్టే హక్కు నీకు లేదు."

"మరి నేను పనికెలా పోను? ఎవరున్నారు నాకు?"

"అడిగావా ఎవరినైనా?"

థెల్మా వంగి కింద పడ్డ దుప్పటి తీసి మడత పెట్టసాగింది. అడగడం నామోషీ మా వాళ్లకి.

"అడగడం నేను చూసుకుంటా. రేపు మళ్లీ కట్టావో, వదినవని చూడను" అంది మెర్లా. ఆ గొంతు మా అమ్మది. నాకు ఛాతీ పొంగింది.

థెల్మా కళ్లు తుడుచుకుంటూ కట్లు విప్పింది. "ఇదీ ఓ ముడేనా? పడవకి వేస్తే పడవ ఎప్పుడో కొట్టుకుపోయేది" అని వెక్కిరిస్తూనే సిరిల్ లేచి దొడ్లోకి పరిగెత్తాడు.

మర్నాటి నుంచి సిరిల్ దగ్గర కూర్చోవడానికి వంతులు వేసింది మెర్లా. మొదటి వంతు లారీ డెస్మండ్‌ది. కొవ్వెవరికెక్కిందో తేల్చుకుందాం రమ్మని వాడి చెవి పట్టి తెచ్చింది నేనే.

ఆ నెల చర్చి హాల్లో మెర్లా మీటింగు పెడితే, ఎప్పటిలాగే టీ కోసం వచ్చారు జనం. ఎవరూ పిలవకుండానే థెల్మా లేచింది. "మా చిన్నాన్న చేతులు కట్టింది నేనే. ప్రేమతోనే కట్టాను. అయినా తప్పే" అంది.

వెనక వరసలోంచి ఒకావిడ తల దించుకుని, "మా అత్తగారి గదికి నేను బయట గడియ పెడుతున్నాను. ఏం చెయ్యమంటావు?" అనడిగింది.

మా పిల్ల ఉపన్యాసం పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.