పిన్ని అలిగిన బస్సు

ఇవాళ పొద్దున, ఈ తెల్లవాళ్ళ దేశంలో మేముండే టకానిని ఊరి స్టేషన్ దగ్గర నేనెక్కిన బస్సు సిగ్నల్ రాగానే కాస్త గట్టిగా ఆగింది. కుర్ర డ్రైవర్ అద్దంలోంచి చూసి అందరికీ సారీ చెప్పాడు. బ్రేకు వేసినందుకు డ్రైవర్ సారీ చెబితే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడే ఒక డ్రైవర్ బ్రేకు వేసి మా పిన్ని చెయ్యి విరగ్గొట్టాడు. పొరపాటున కాదు, పనిగట్టుకుని.

అప్పట్లో నేను పిన్ని వాళ్ళింట్లో ఉండి చదువుకునేదాన్ని. పిన్ని కూరగాయలు ప్యాక్ చేసే షెడ్డులో పని చేసేది. సెలవుల్లో నేనూ వెళ్ళేదాన్ని. స్టేషన్ నుంచి షెడ్డు మీదుగా వెళ్ళే చిన్న బస్సు ఒక్కటే మాకు దిక్కు. టికెట్ కొన్నవాళ్ళు ఎవరైనా ఎక్కొచ్చు. కానీ మేం ఎక్కగానే ఆ తెల్ల డ్రైవర్, "ఇండియన్ లేడీస్ వెనక్కి వెళ్ళి కూర్చోండి, మీ లంచ్ వాసన మిగతావాళ్ళకి పడదు" అనేవాడు. మా డబ్బాల్లో ఉండేది పెరుగన్నం! సాయంత్రాలు వేయించిన చేపల పొట్లం ఒళ్ళో పెట్టుకుని బస్సంతా కంపు కొట్టించే తెల్లావిడ మాత్రం దర్జాగా ముందే కూర్చునేది. బస్సు ఆఫీసుకి ఫోన్ చేసి కంప్లయింట్ ఇస్తే, అది రూలు కాదు, రిక్వెస్టు అన్నారు.

మా వైపు ఎవరింటికైనా వెళ్ళి, కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడే మాట్లాడి వచ్చేశామంటే ఇక ఆ ఇంటి గడప తొక్కనట్టే లెక్క. పిన్ని ఈ విద్యలో ఆరితేరిన మనిషి. ఆడపడుచు గృహప్రవేశంలో మొదటినుంచి చివరిదాకా నిలబడే ఉండి, పాపం ఆవిణ్ణి చుట్టాలందరి ముందూ ఏడిపించింది. ఆ అస్త్రాన్నే బస్సు మీదా ప్రయోగించింది. వెనక్కి వెళ్ళం, ముందు కూర్చోనివ్వకపోతే అసలు కూర్చోం. మాతో పాటు షెడ్డుకొచ్చే కరీంనగర్ అక్కకి మాత్రం అనుమానమే. "గిట్ల నిలవడితే వానికేం నొస్తదక్కా?" అంది. "కూర్చోమంటే కూర్చోకపోవడం కన్నా పెద్ద తిట్టేముంటుందమ్మా?" అంది పిన్ని.

తిట్టినట్టు వాడికి తెలియాలి కదా! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది మా పని. వాడు హాయిగా ఈల వేసుకుంటూ నడిపేవాడు. కొన్నాళ్ళకి మేం కావాలనే మాట వినడం లేదని అర్థమై, అవసరం లేని చోట బ్రేకులు తొక్కడం మొదలుపెట్టాడు. మేం ఒకరిమీద ఒకరు పడుతుంటే ముందు సీట్లలో నవ్వులు. "కూర్చుంటే పడరు కదా, లవ్" అనేవాడు, ఇక్కడివాళ్ళు ఆడవాళ్ళని పిలిచే ముద్దు పిలుపుతో. ఒకరోజు ఖాళీ రోడ్డు మీద ఎంత గట్టిగా తొక్కాడంటే, పిన్ని ఎగిరి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. అద్దంలోకి చూస్తే వాడు మావైపే చూస్తున్నాడు. సీట్లలోంచి ఒక్కరూ లేవలేదు. పిన్ని తనే లేచి, రెండో చేత్తో కడ్డీ పట్టుకుని, షెడ్డు వచ్చేదాకా నిలబడే ఉంది.

కరీంనగర్ అక్క అంతా ఫోన్లో వీడియో తీసింది. దాంతో బస్సువాళ్ళు ఆ డ్రైవర్ని తీసేశారు, పిన్నికి పూలగుత్తి పంపారు, ఇకనుంచి ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చన్నారు. షెడ్డువాళ్ళు మాత్రం ఆ చేత్తో ప్యాకింగ్ కుదరదని పిన్నిని మళ్ళీ పిలవలేదు. అయినా పిన్ని చేతికి కట్టుతోనే, పెళ్ళికి వెళ్తున్నట్టు తయారై నాతో బస్సెక్కింది. నేరుగా వెళ్ళి మొదటి సీట్లో కూర్చుంది. పక్కనున్నావిడ హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని లేచి, వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఆవిడ వెనకే ఇంకొకరు, ఆ వెనక మరొకరు. షెడ్డు చేరేసరికి ముందు సీట్లన్నీ మావి, వెనక సీట్లన్నీ వాళ్ళవి. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇక ఎవరి మీద కంప్లయింట్ ఇస్తాం? నాకైతే ఆ డ్రైవరే నయం, నోరు తెరిచి చెప్పాడు కదా అనిపించింది.

"పోనీలేవే, కాళ్ళు చాపుకోవచ్చు" అంది పిన్ని. చాపుకోలేదు. రోజులు గడిస్తే వాళ్ళే అలవాటు పడతారంటూ చాలాకాలం ఆ బస్సు ఎక్కుతూనే ఉంది. రోజులు గడిచాయి, ఏళ్ళూ గడిచాయి. చివరికి వంకరగా అతుక్కున్న ఆ చేత్తోనే పిన్ని కారు డ్రైవింగ్ నేర్చుకుంది.