మంచిగున్న, తిన్న, ఏసీ ఉన్నది

నేను పదేళ్లు పనిచేసిన అరబ్బు దేశాన్ని నా అంత ఘోరంగా తిట్టినవాడు ఇంకొకడు ఉండడు. పొద్దున బాత్రూం ముందు వరుసలో నిలబడ్డప్పుడే మొదలుపెట్టేవాణ్ణి. ఎండను తిట్టేవాణ్ణి, సూపర్‌వైజర్ను తిట్టేవాణ్ణి, నలభై మందికి రెండే పొయ్యిలు పెట్టిన మహానుభావుణ్ణి తిట్టేవాణ్ణి. గదికి ఎనిమిది మందిమి, మంచం మీద మంచం. అందరం పాలమూరు, నల్లగొండ వాళ్లమే. టైల్స్ పని నుంచి వచ్చి బూట్లు విప్పుతూ నేను అందుకుంటే అన్నం ఉడికేదాకా ఆగేది కాదు. నా తిట్లు వినడానికి పక్క గదివాళ్లు గిన్నెలు పట్టుకొని వచ్చి మా గడప దగ్గర కూర్చొని తినేవాళ్లు.

అదంతా గదిలో. ఇంటి నుంచి ఫోన్ మోగిందంటే ఎనిమిది గొంతులూ మారిపోయేవి. "మంచిగున్న. తిన్న. ఏసీ ఉన్నది." ఈ మూడు ముక్కలు తప్ప నాలుగోది బయటికి రాకూడదు. అది మా గది చట్టం. ఏసీ ఉన్నమాట అబద్ధం కాదు. గోడకు ఉండేది. అది చల్లగాలి ఇస్తుందని మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది పోయాను నేను. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చినప్పుడల్లా మక్తల్ బస్టాండు పక్కన హోటల్లో మా సార్‌తో ఒక కొట్లాట ఉండేది. సార్ అంటే నాకు ఏడో తరగతి చెప్పిన సార్. నేను ఏడుతోనే బడి విడిచాను కాబట్టి నా చివరి సార్ కూడా ఆయనే. రిటైరయ్యాక ఆ హోటల్ బల్ల మీదే కూర్చొని చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అర్జీలు రాసిపెడుతుండేవాడు. నన్ను చూడగానే కలం జేబులో పెట్టుకొని మొదలుపెట్టేవాడు.

"ఏమిరా, మనిషి పాస్‌పోర్టు గుంజుకునే దేశం గూడ ఒక దేశమేనా?"

"గుంజుకోరు సార్, భద్రంగ దాస్తరు. మీరు మేం ఆడుకునే గోటీలు గుంజుకొని బీరువల పెట్టలేదా? నావి ఇప్పటిదాంక ఇయ్యనే లేదు."

హోటలంతా నవ్వేది. సార్ ఊరుకునేవాడు కాదు.

"ఆడ ఎండకు మనుషులు పడి సస్తున్నరట కదరా."

"మక్తల్ల ఏమన్న మంచు పడుతున్నదా సార్? ఈడ పడితె సూసేటోడు లేడు. ఆడ అంబులెన్సన్న వస్తది."

"అంత మంచిదైతె నీ పెండ్లాన్ని గూడ తీస్కపోరాదురా."

"ఆమె గూడ ఆడనే ఉంటె మీతోని కొట్లాడనీకి నేను మక్తల్ ఎందుకొస్త సార్?"

ఆఖరికి ఒకటే మాటతో ముగించేవాణ్ణి. "ఆ దేశాన్ని ఏమనకుండ్రి సార్. అన్నం పెట్టింది."

అంటున్నప్పుడు నాకు నిజంగానే కోపం వచ్చేది, చెవులు వేడెక్కేవి. నేను తిట్టవచ్చు, చూడనివాడు తిడితే మాత్రం ఒళ్లు మండేది. ఎందుకో ఇప్పుడు తెలుస్తున్నది. ఏడో తరగతి తప్పినవాణ్ణి. జీవితంలో నేను పాసైంది ఆ దేశం ఒక్కటే. సార్ దాన్ని కూడా ఎర్ర సిరాతో కొట్టేస్తానంటే ఎట్లా ఒప్పుకుంటాను?

ఆ కొట్లాటల్లో నా పక్కన కూర్చొని అందరికంటే గట్టిగా నవ్వినవాడు నా బామ్మర్ది. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. అరవై గొర్ల మంద ఉండేది వాడికి. ఏ గొర్రె దగ్గిందో చీకట్లో కూడా చెప్పగలిగేవాడు. "బావా, నాకు గూడ ఒక వీసా సూడు" అని నాలుగు సెలవులు నా వెంటపడ్డాడు. చూశాను. మా యజమాని తమ్ముడికి గోడౌన్‌లో మనిషి కావాలన్నారు. బామ్మర్ది మందను రాయచూరు వ్యాపారికి అమ్మేసి విమానం ఎక్కాడు.

మొదటి రెండు రోజులు నా గదిలోనే ఉన్నాడు. చట్టం చెప్పాను. అద్దం ముందు నిలబెట్టి మూడు ముక్కలూ పలికించాను. "మంచిగున్న. తిన్న. ఏసీ ఉన్నది." మూడోది చెప్పేటప్పుడు వాడికి నవ్వాగేది కాదు. "నవ్వితె అనుమానం వస్తదిరా, మల్ల చెప్పు" అని గది మొత్తం వాణ్ణి ఆటపట్టించాం.

మూడో రోజు ఒక ట్రక్కు వచ్చి తీసుకుపోయింది. వారం తర్వాత మా కుటుంబం ఫోన్ గ్రూపులో వాడి గొంతు వచ్చింది.

"అక్కా, గీడ గోడౌన్ లేదు. అంత ఇసుకనే. మూడు నూర్ల మేకలున్నయ్, గొర్లున్నయ్. నీళ్ల ట్యాంకరు నాల్గు దినాలకొకపారి వస్తది. ముందుగల జీవాలకు తాపాలె, మిగిలితె మనకు. మాట్లాడనీకి మనిషి లేడు అక్కా."

ఆ గ్రూపులో అత్తగారింటివాళ్లు, మావాళ్లు అంతా ఉన్నారు. వీసా చూసింది నేనని అందరికీ తెలుసు. నేను ఊరుకోలేదు. నా గొంతు కూడా పంపించాను.

"ఏం బామ్మర్ది! మీ తాత గాసిండు, మీ నాయిన గాసిండు, నువ్వు ఇమానమెక్కి పోయి గాస్తున్నవు. మీ వంశంల ఫారిన్ మేకలను గాసిన మొదటోనివి నువ్వే. ఆ దేశాన్ని ఏమనకు. అన్నం పెడుతున్నది."

గ్రూపు నిండా నవ్వే బొమ్మలు. నా భార్య కూడా ఒకటి పెట్టింది. చివర్లో బామ్మర్ది కూడా ఒక నవ్వే బొమ్మ పెట్టాడు. మర్నాటి నుంచి వాడి నుంచి మూడు ముక్కలే వచ్చేవి.

పోయిన సెలవుకు బయల్దేరే ముందు, గడ్డి మోపులు తీసుకుపోయే ట్రక్కు ఎక్కి వాణ్ణి చూడటానికి పోయాను. మూడు దిక్కులా రేకులు, నాలుగో దిక్కు ఖాళీ. లోపల ఒక నీలం డ్రమ్ము. మూత తీస్తే నీళ్లు పచ్చగా ఉన్నాయి. వాడి పెదాలు పగిలి ఉన్నాయి. మేకపాలతో నాకు చాయ్ పెట్టి ఇచ్చి, నేను తాగుతుంటే ఎదురుగా కూర్చొని చూశాడు. తర్వాత "బావా, జర ఇటు రా" అని రేకుల వెనక్కి తీసుకుపోయాడు. వాడు అప్పుడే ఒంటికి పోసిన చోట ఇసుక తడిగా ఉంది. ఎర్రగా ఉంది.

నేనేమన్నానో చెప్పాలి. చెప్పకుండా ఇది రాయడంలో అర్థం లేదు.

"దానిమ్మ పండ్లు తింటున్నవారా ఒక్కనివే?" అన్నాను.

వాడు నవ్వాడు. నవ్వుతూనే నా చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను తీస్కపో బావా."

"నీ పాస్‌పోర్టు వాని దగ్గర ఉన్నది కదరా. సెలవు నుంచి రాంగనే మాట్లాడుత." ట్రక్కు హారన్ కొట్టింది. ఎక్కాను.

ఇంటికి వచ్చాక అత్తమ్మ అడిగింది, కొడుకు ఎట్లా ఉన్నాడని. "రాజు లెక్కున్నడు అత్తమ్మా. మూడు నూర్ల మంది ప్రజలు" అన్నాను. ఆమె ముసిముసిగా నవ్వుకొని పోయి మా పిల్లలకు కూడా ఆ మాట చెప్పింది.

సెలవు మొదలై పది రోజులకు వాడు అక్కకు ఫోన్ చేశాడు. యజమాని ఊళ్లో లేడట. ఆ రోజు మూడు ముక్కలు చెప్పలేదు. కాళ్లు వాచాయని, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని, దవాఖానకు తీసుకుపొమ్మంటే మేకలను ఎవరు చూస్తారని అన్నారని చెప్పాడు. ఫోన్ పెట్టేసి నా భార్య నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు పోయి సూసొస్తివి గద. ఏం సూసినవు?"

"ఎండకు అట్లనే అయితది. మజ్జిగ తాగితె తక్కువైతది."

"ఆడ వానికి మజ్జిగ ఎవడు పోస్తడు? నువ్వు పోస్తవా?"

ఆమె తల్లిని వెంటబెట్టుకొని మక్తల్ బస్సెక్కింది. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

సార్ విషయమంతా విన్నాడు. ఎన్నాళ్లుగానో నన్ను పట్టుకోవడానికి ఎదురుచూస్తున్న మనిషి, ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. కాగితం తీసి "చెప్పురా, ఆడ ఎట్లుంటదో నీకే తెలుసు" అన్నాడు.

"రాయుండ్రి సార్. ఆ దేశమైతె మంచిదే. యజమాని గూడ చెడ్డోడేం కాడు. కాకపోతె పిల్లగానికి జర పానం బాగలేక..."

సార్ కలం బల్ల మీద పెట్టాడు. "ఇది అర్జీనారా, పిల్లనిచ్చెటోళ్లకు చెప్పే సిఫారసా?"

ఆ హోటల్లో నా మీద వేసిన జోకుకు ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి.

సాక్షిగా సంతకం పెట్టమన్నాడు. "అత్తమ్మ కన్నతల్లి కద సార్, ఆమె పెడితెనే ఇనేటోళ్లకు కనికరమొస్తది" అన్నాను. అసలు సంగతి అది కాదు. వాడి యజమాని నా యజమానికి సొంత తమ్ముడు. నేను తిరిగి పోవడానికి ఇంకా ఇరవై రోజులున్నాయి. ఆ కాగితం మీద నా పేరు ఉంటే విమానం ఎక్కాల్సిన పని ఉండదు. అత్తమ్మ వేలిముద్ర వేసింది. నా భార్య నా వైపు చూడకుండా ఆమె వేలికి అంటిన సిరా కొంగుతో తుడిచింది.

సోమవారం జిల్లా ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు. సార్‌తో కలిసి నలుగురం పోయాం, మా వంతు వచ్చింది. ఆఫీసరు మంచి మనిషి, కాగితం చదివి పక్కన పడేయలేదు. "అబ్బాయితోనే మాట్లాడదాం, నంబరు చెప్పండమ్మా" అని తానే కలిపి, అందరికీ వినబడేటట్టు ఫోన్ బల్ల మీద పెట్టాడు. చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనక మేకల అరుపులు. వాటి వెనక ఎవరో అరబ్బీలో ఏదో అడుగుతున్నారు. ఆ గొంతు నేను గుర్తుపట్టాను. మా యజమాని తమ్ముడిది.

"బాబూ, జిల్లా ఆఫీసు నుంచి మాట్లాడుతున్నా. మీ అమ్మ అర్జీ ఇచ్చింది. ఎట్లా ఉన్నావు?"

అరబ్బీ గొంతు మళ్లీ ఏదో అడిగింది. తర్వాత వాడి మాట వచ్చింది.

"మంచిగున్న సార్. తిన్న సార్. ఏసీ ఉన్నది సార్."

ఎక్కడా నవ్వలేదు. నేను నేర్పినదానికంటే బాగా చెప్పాడు.

అత్తమ్మ ముఖం విచ్చుకుంది. బల్ల మీదికి వంగి, "ఏసీ ఉన్నదా బిడ్డా? సల్లగున్నదా?" అని అడిగింది.

నేను ఫోన్ మీద పడ్డాను. "నేనురా, బావను. ఆ మూడు ముక్కలు ఇడిసిపెట్టు. ఆఫీసరు సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పు. నీకు దండం పెడుత, ఒక్క చెడ్డమాట చెప్పురా."

మేకలు అరుస్తున్నాయి.

"బావా, ఆ దేశాన్ని ఏమనకు" అన్నాడు వాడు. "అన్నం పెడుతున్నది."

ఫోన్ ఆగిపోయింది.

ఆఫీసరు కాగితాన్ని మళ్లీ చదివాడు. "ఆయనే బాగున్నానని చెబుతుంటే పైకి నేనేం రాయాలమ్మా? అక్కడ ఆయన్ను కళ్లతో చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఇప్పుడు మా సార్ 'వీడే సూసిండు' అంటాడని అనుకున్నాను. అనలేదు. నా భార్య అంటుందని అనుకున్నాను. ఆమె గోడకున్న జిల్లా మ్యాపు వైపు చూస్తూ నిలబడింది. వాళ్లలో ఎవరన్నా అనివుంటే ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణేమో.

"నేను సూసిన సార్" అన్నాను.

వరండాలో కూర్చొని సార్ రెండో కాగితం రాశాడు. రేకులు మూడు దిక్కులే ఉన్నాయని చెప్పాను. డ్రమ్ములో నీళ్ల రంగు చెప్పాను. ఇసుక రంగు చెప్పాను. ఏసీ లేదని, నేనే నేర్పానని చెప్పాను. దానిమ్మ మాట కూడా చెప్పాను. సార్ కలం ఆగింది.

"ఆ మాట అక్కర్లేదురా" అన్నాడు మెల్లగా.

"రాయుండ్రి సార్."

"అర్జీల పట్టది. ఉండనీ."

నా భార్య స్తంభం పక్కన నిలబడి అంతా విన్నది. నేను సంతకం పెట్టాను. ఏడో తరగతి పరీక్ష కాగితం తర్వాత సార్ ముందు నా పేరు రాయడం అదే. ఆఫీసరు ముద్ర కొట్టి, ఇది పై వరకు పోవాలని, ఆలస్యం అవుతుందని, తన చేతిలో ఉన్నంత చేస్తానని అన్నాడు.

కాగితం పోయింది. పోయిందని నాకెట్లా తెలుసంటే, పదిహేను రోజులకు మా యజమాని నుంచి ఫోన్ వచ్చింది. తన తమ్ముణ్ణి ఎవరో పిలిచి అడిగారట. నన్ను మళ్లీ రావద్దన్నాడు. పదేళ్లలో ఆయన నాతో అంత సేపు మాట్లాడటం అదే మొదలు. బామ్మర్ది ఎక్కడున్నాడని అడిగాను. పెట్టేశాడు.

ఆ రోజు నుంచి వాడి ఫోన్ మోగడం లేదు. దవాఖానలో చేర్చారో, ఇంకో చోటికి మార్చారో, అడిగితే విచారిస్తున్నామంటారు. ప్రతి సోమవారం పోతున్నాం. సార్ కొత్త కాగితం రాస్తున్నాడు. హోటల్లో ఎవరన్నా ఆ దేశాన్ని తిడితే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. సార్ ముందర చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

పొద్దున్నే అత్తమ్మ నా దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. "ఒకపారి కలుపు" అంటుంది. కలిపి ఆమె చేతికి ఇస్తాను. అటు నుంచి ఒక ఆడమనిషి గొంతు అరబ్బీలో ఏదో చెబుతుంది.

"ఏమంటున్నది?"

"ఫోన్ బందున్నదంటున్నది అత్తమ్మా."

"మంచిగనే ఉన్నడంటవా?"

నా నోట్లో మొదటి ముక్క తయారుగానే ఉంటుంది. పదేళ్ల అలవాటు.

"నాకు తెల్వదు అత్తమ్మా."

ఆమె ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకొని, తనకు అర్థం కాని ఆ ఆడమనిషి మాటను అయిపోయేదాకా వింటుంది.