పొయ్యి గొంతులో మన్ను

“రేపు పొద్దున తెక్కలకోట బస్సుకు మేస్త్రీ వస్తాండాడుమా. ఈ పొయ్యి పగలగొట్టిచ్చి, ఆడ గ్యాసు పొయ్యికి బండ పరిపిస్తా,” అని మొన్న వేసవిలో ఒక సాయంత్రం నా కొడుకు అన్నాడు. అప్పుడు వాడి నోట్లో ఉన్నది ఆ పొయ్యి మీద కాలిన జొన్నరొట్టే. అది మింగాక అని ఉంటే కాస్త మర్యాదగా ఉండేది.

మాది కట్టెల పొయ్యి. వెనకవైపు గోడలో ఒక కన్నం ఉంది. పొగ ఆ కన్నంలో దూరి, గొట్టం గుండా పోయి, మిద్దె పైన బయటపడాలి. ఏడాదిగా అది వంటింట్లోకే తిరిగి వస్తోంది. కోడలి కళ్లు ఎప్పుడు చూసినా పండుమిరపకాయలే. దగ్గు మొదలైతే ఒక పట్టాన ఆగదు. కొడుకు మాటలో తప్పు లేదు. కానీ చేలో పత్తికట్టె మోపులు మోపులుగా పడి ఉండగా సిలిండరు మీద రొట్టెలు కాల్చడానికి నాకు మనసొప్పదు. టీ కాచుకోండి, వద్దనను. రొట్టెకు మాత్రం కట్టెల మంటే కావాలి.

“బస్సు వచ్చేదాకా నాకు గడువియ్యి. పొగ ల్యాకుండా చేస్తా,” అన్నాను.

“ఏడాదినుంచి కానిది తెల్లారేసరికి యాడ అవుతుందిమా?”

“పగలగొడతామని ఏడాదినుంచి చెప్పినావా? ఈ పొద్దే గదా చెప్పింది!”

కోడలు మా ఇద్దరిలో ఎవరినీ చూడలేదు. “నాకు పొగ పోవల్ల అంతే. పొయ్యి ఉంటే ఏంది, పోతే ఏంది,” అని చెంబు పట్టుకుని బయటికి పోయింది. ఆ మాట నాకు సూటిగా తగిలింది.

తెల్లవారుతుండగానే లేచాను. జాతరకు బయలుదేరే పిల్లకు ఉన్నంత ఆత్రం నాకు. చల్లారిన పొయ్యిలోంచి బూడిదంతా ఎత్తి డబ్బాలో పోశాను. గిన్నెలు తోమడానికి కొంత, బీరపాదుల మీద చల్లడానికి కొంత. బూడిద పారేసే ఇల్లు బాగుపడదు. తర్వాత గోనెపట్టా ముక్కలు ఉండగా చుట్టి, మధ్యలో రాయి పెట్టి, పొడవాటి తాడుకు కట్టాను. నా మోకాళ్లకూ నిచ్చెనకూ పడదు కాబట్టి కోడలే మిద్దె ఎక్కింది. ఆమె పైనుంచి ఉండను గొట్టంలోకి వదిలి లాగుతుంటే, నేను కింద గొట్టం అడుగున ఇటుక తీసి తట్ట పట్టాను. మసి గుప్పున దిగింది. నల్లగొర్రె బొచ్చు కత్తిరించి పోసినట్టు తట్ట నిండిపోయింది.

“పడిందా అత్తా?”

“పడింది! ఇంగో సారి లాగు! ఇంగో సారి!”

ఇక గెలిచినట్టేననుకున్నాను. ఇటుక మళ్లీ పెట్టేసి, పొయ్యిలో గుప్పెడు ఎండుగడ్డి అంటించాను. పొగ కన్నం దాకా పోయి, అక్కడ ఎవరో తోసినట్టు నేరుగా నా మొహాన్నే కొట్టింది.

సరిగ్గా అప్పుడే మేస్త్రీ వచ్చాడు. గడప దగ్గరే నిలబడి, “ఏందవ్వా, పగలగొట్టేదానికి ముందే మసి పూసుకోని ఏడుస్తాండావా?” అన్నాడు.

“సుమ్నె కూచోప్పా, మాట్లాడకుండా. నా పని ఇంగా కాలేదు.”

“ఆయ్తు, ఆయ్తు,” అని ఒప్పుకున్నాడు. “టీ తాగేంతవరకే.”

గొట్టంలో మసి లేదు. మరి పొగను తోస్తున్నది ఏమిటి? నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆ కన్నంలో నా చెయ్యి గాజులతో సహా దూరేది. ఇప్పుడు పెట్టి చూస్తే నాలుగు వేళ్ల దగ్గరే ఆగిపోయింది. గోటికి తగిలింది మసిలా మెత్తగా లేదు, నున్నగా, గట్టిగా ఉంది. కొడవలి మొనతో గీకాను. కోడలు ఫోను లైటు వేసి లోపలికి వంగింది. పైన ఎర్రగా ఒక పొర, దాని కింద పేడరంగు, మళ్లీ ఎరుపు. ఉల్లిపాయ ఒలిచినట్టు వస్తోంది.

“అత్తా, ఇది మసి గాదు. మన్ను!”

మా ఇంట్లో ప్రతి శుక్రవారమూ పొయ్యిని ఎర్రమన్నూ పేడా కలిపి అలికి, ముగ్గు పెడతాం. పొయ్యి అలికిన మన్ను కాళ్ల కింద పడకూడదు. అందుకని గిన్నెలో మిగిలిన ముద్దను పారబొయ్యకుండా ఆ కన్నం లోపల పూసి నున్నగా మెత్తేది మా అత్త. నాకూ అలాగే నేర్పింది. నేను నా కోడలికి నేర్పాను.

మేస్త్రీ టీ గ్లాసు పక్కన పెట్టి, తొంగి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. “మూడు తరాలుగా పొయ్యికి మన్ను తినిపించినారే! గొంతు పూడకుండా ఏమైతాది?”

“నవ్వింది చాలు. ఆ ఉలి ఇట్లియ్యి.”

అతను ఇవ్వలేదు. తానే పొయ్యి ముందు గొంతుకూర్చున్నాడు. కోడలు నీళ్లు చిలకరించి మన్ను నానబెడుతుంటే అతను చెక్కాడు, నేను ఎత్తాను. పగిలిన కుండపెంకుల్లాంటి బిళ్లలు తట్టలో పడుతున్నాయి. “చాలప్పా, జరుగు,” అని చెయ్యి పెట్టాను. మోచెయ్యి దాటింది! లోపల గొట్టానికి తగిలి నా గాజులు గలగలమన్నాయి.

కోడలు పత్తికట్టె పేర్చి అగ్గిపుల్ల గీసింది. మంట మొదట నిటారుగా లేచింది. అంతలో అది తల వంచి, బుస్సుమంటూ కన్నంలోకి దూరింది.

వేపపుల్ల నములుతూ పెరట్లో నిలబడ్డ కొడుకును, “మిద్దెక్కి చూడురా!” అని కేకేశాను.

“వస్తాండాదిమా! గొట్టంలోనుంచే వస్తాండాది!”

నేను చప్పట్లు కొట్టాను. ఈ వయసులో, మేస్త్రీ ముందు.

కోడలు మాత్రం నవ్వలేదు. పెనం పెట్టింది. రొట్టె తట్టింది, కాల్చింది, ఇంకొకటి తట్టింది. మొహం పొయ్యి నోటి దగ్గరే ఉంచి కూర్చుంది. పెనం మీది రొట్టెను ఎవరూ చూడడం లేదు. అందరం ఆమె కళ్లనే చూస్తున్నాం. ఒక్కసారి కూడా కొంగు కళ్ల దగ్గరికి పోలేదు.

“ఏమంటావు మరి? మేస్త్రీ కాచుకోనుండాడు,” అన్నాడు కిందికి దిగి వచ్చిన కొడుకు.

ఆమె పొంగిన రొట్టెను పళ్లెంలో వేసి మేస్త్రీ ముందు పెట్టింది. “పొయ్యి ఉండనీన్నా. కానీ వచ్చినోడివి ఉత్తచేతుల్తో పోవద్దు. ఈ పక్కగోడకు ఒక కిటికీ పెట్టు. పొగ పోయినా ఈ గదిలో నేను ఉడికిపోతాండా.”

అది ముచ్చటైన గట్టి గోడ. బాగున్న గోడను ఎందుకు చెడగొడతారు, తలుపు తీసుకుంటే గాలి రాదా అనే మాట నా నాలుక చివరికి వచ్చింది. కోడలు నా వైపు తిరిగి, ఏమంటానో అని చూస్తోంది. ఏడాది తర్వాత ఆ కళ్లలో తెలుపు కనబడింది.

“ఇటుకలు పగలకుండా తీయప్పా,” అన్నాను మేస్త్రీతో. “కోళ్లగూటికి పనికొస్తాయి.”