గుండు అద్దంలో పూలకుండీ

కిందియో అనే కాఫీతోటల కొండల్లో నూబియా జీపు తెలియనివాళ్లు లేరు. భర్త చనిపోయిన ఏడాది స్టీరింగు పట్టిన మనిషి, ఇరవై ఆరేళ్లుగా కాఫీ బస్తాలూ అరటిగెలలూ బడిపిల్లలూ, ఓసారి పెళ్లికూతుర్ని కూడా, బురదదారుల్లో చేరవేస్తూనే ఉంది.

ఆ మధ్య ఒక కంచరగాడిద తన్ని జీపు కుడివైపు అద్దం పగిలింది. కొట్లో చదునుది దొరకలేదు. బోర్లించిన మూకుడులా ఉబ్బిన గుండు అద్దమే బిగించుకుంది. దారి, లోయ, కంచెలు అన్నీ ఒక్కసారే కనిపించేసరికి మురిసిపోయింది. మర్నాడే, ఇంకా బోలెడు దూరముందనుకుంటూ వెనక్కి పోనిచ్చి ఎవేలియో కోళ్లగూడు నుజ్జు చేసింది. నయం, కోళ్లు బయట మేస్తున్నాయి.

ఎవేలియో ఆమె కొడుక్కి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలిచినవాడు, తనూ జీపు తోలేవాడే.

"ఏం వదినా, కళ్లు ఇంట్లో మర్చిపోయొచ్చావా? పండగ జీపుల పోటీకీ ఇలాగే వస్తావా ఏంటి?"

"వస్తా. ముందు నీ గూడు కట్టించి మరీ వస్తా!"

అన్నట్టే కట్టించింది. ఆపైన రోజూ జీపు వెనక పూలకుండీ పెట్టి, సీట్లో కూర్చుని చూసేది, దిగి కొలిచేది. ఎడమవైపు చదును అద్దం దూరం సరిగ్గానే చూపుతుంది, కానీ చూపేది కాస్తంతే. గుండు అద్దం అంతా చూపుతుంది, కానీ చిన్నది చేసి. చిన్నగా ఉన్నదాన్ని కన్ను దూరమనుకుంటుంది. వారానికి గుట్టు చిక్కింది: గుండు అద్దంలో కుండీ ఉసిరికాయంత ఉంటే బారెడు దూరం, నిమ్మకాయంతయితే జానెడు లోపే!

పోటీలో సరుకు నిండిన జీపుతో వంపుసందులో వెనక్కి వచ్చి, కుండీల వరుసకు తగలకుండా ఎంత దగ్గరగా ఆపితే అంత గొప్ప. ఎవేలియో రెండు జానల దూరంలో ఆపాడు. జనం ఈలలు వేశారు.

నూబియా వంపు తిరుగుతుండగా సరుకులోంచి ఒక అరటిగెల జారింది. దానికి చుట్టిన ఆకులు ఎడమ అద్దాన్ని కప్పేశాయి.

"ఆగు వదినా, దిగి సర్దుకో!" అని అరిచాడు ఎవేలియో.

"దిగితే ఓడినట్టే, నోర్మూసుకో!"

ఆమె చూపు గుండు అద్దం మీదే. ఉసిరికాయ. ఇంకాస్త. ఇంకాస్త. నిమ్మకాయ! బ్రేకు తొక్కింది.

గెలుపోటములు తేల్చే పంతులమ్మ వంగి చెయ్యి పెట్టి చూసింది. "నాలుగు వేళ్లు!" అని కేకేసింది. సందు సందంతా హోరెత్తింది.

ఆ సాయంత్రం ఎవేలియో ఆమెను తన జీపులో కూర్చోబెట్టుకుని, హారను మోగిస్తూ ఊరంతా తిప్పాడు. ఇంకొకరు తోలే బండిలో కూర్చునే అలవాటు లేక, నవ్వుతూనే, ప్రతి మలుపులోనూ ఆమె కాలు బ్రేకు కోసం వెతుక్కుంది.