అత్తా అని పిలిచే కూతురు

ఈశ్వరికి కోపం ఎక్కువని పాలెంలో అందరూ అంటారు. అనరా మరి. గంటసేపు బేరమాడి, చివరికి చేపను వేలితో నొక్కి చూసి "మెత్తగా ఉంది" అని పెదవి విరిచిన ఇల్లాలితో, "మెత్తగున్నది నీ సెయ్యమ్మా, నా సేప కాదు" అని మొహం మీదే అనేసి గంప నెత్తిన పెట్టుకుని వచ్చేసే మనిషి ఆమె. అయినా భోగాపురంలో ఆమె కేక కోసం గుమ్మంలో కాచుకునే ఇళ్ళున్నాయి. నిన్నటి చేపను ఇవాళ్టిదని అంటగట్టడం ఆమెకు తెలియదు. కోపం కూడా అంతే. ఎప్పటిది అప్పుడే కక్కేస్తుంది, మర్నాటికి మిగల్చదు.

అలాంటి మనిషి నాలుగేళ్ళుగా ఒక్క కోపాన్ని మాత్రం మింగుకుని తిరుగుతోంది. కన్నకూతురు ఆమెను అత్తా అని పిలుస్తుంది.

పెద్దవాడు గోవింద్ తరవాత ఈశ్వరికి ఇద్దరు పుట్టి, పేరు పెట్టకముందే పోయారు. ఆ తరవాత పుట్టింది ఈ పిల్ల. పుట్టినప్పుడు పాలు తాగే ఓపిక కూడా లేదు. అత్తగారు చిన్నతల్లి ఆ పసిగుడ్డును చేటలో పెట్టి, తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. తన కూతురు లక్ష్మణమ్మను పిలిచి, ఈశ్వరి ఒడిలో తవుడు పోయించి, పిల్లను కొనిపించింది. ఈ కడుపున పుట్టిన పిల్ల కాదు, ఎవరో పారేస్తే ఇంకెవరో కొనుక్కున్నది అనుకుని మృత్యువు పక్కింటికి పోతుందని నమ్మకం. మన వైపు వీధికొక తవిటయ్యో తవిటమ్మో ఉన్నారంటే ఇందుకే. ఈ పిల్లకూ తవిటమ్మ అనే పేరు పెట్టారు. అంగన్‌వాడీ పుస్తకంలో అరుణశ్రీ, ఇంట్లో తవిటి.

అందరిళ్ళలో ఆ తంతు పేరుతోనే అయిపోతుంది. కొన్న మనిషి పిల్లను తిరిగి తల్లి ఒళ్ళో పడేసి, కాఫీ తాగి వెళ్ళిపోతుంది. చిన్నతల్లి ఊరుకునే రకం కాదు. "ఐదో ఏడు ఎల్లేదాకా కొన్నదాన్నే అమ్మా అనాల. నిన్ను అత్తా అనాల. నోరు జారితే నాకు తెలీదు" అంది. పోలీసులతో కూడా వాదన పెట్టుకునే ఈశ్వరి ఆ రోజు నోరెత్తలేదు. ఇద్దర్ని పోగొట్టుకున్న తల్లికి నోరెక్కడుంటుంది. లక్ష్మణమ్మ పిల్లకు నిజానికి మేనత్త. ఆమె అమ్మ అయితే, ఆమె తమ్ముడి పెళ్ళాం అత్తే కదా. వరస కూడా చక్కగా కుదిరింది, కుదరకపోయినా బాగుండేది. పోయినేడు చిన్నతల్లి చనిపోయింది, ఆమె పెట్టిన నియమం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. దసరా వెళితే పిల్లకు ఐదు నిండుతాయి. అప్పుడు పిలిపించుకుందాంలే అని ఈశ్వరి రోజులు లాక్కొస్తోంది.

ఇంతలో ఎండాకాలం వచ్చింది, సముద్రంలో చేపల వేటకు నిషేధం వచ్చింది, దాంతోపాటే లక్ష్మణమ్మా వచ్చింది. ఆమెది నౌపడ. మొగుడు ధనరాజు ఉప్పు మడుల దగ్గర మేస్త్రీ. పిల్లల్లేరు. వచ్చేటప్పుడు పనసపండు తెచ్చింది, తవిటికి మూడు గౌన్లు తెచ్చింది, గోవింద్‌కి క్రికెట్ బ్యాటు తెచ్చింది. పెట్టే చెయ్యేగానీ చెడ్డ మనిషి కాదు, ఆ మాట ఈశ్వరి కూడా ఒప్పుకుంటుంది.

కానీ చుట్టం వచ్చిన ఇంట్లో చాకిరీ ఎవరిది? పడవ ఒడ్డెక్కింది కాబట్టి ఈశ్వరి మొగుడు ఎల్లాజీకి పని లేదు. వల ముందేసుకుని కూర్చుని, నాలుగు కన్నులు కుట్టి నలభై బీడీలు కాలుస్తున్నాడు. లక్ష్మణమ్మ పిల్లకు నీళ్ళు పోస్తుంది, జడ వేస్తుంది, ముద్దలు కలిపి పెడుతుంది, పక్కలో పడుకోబెట్టుకుంటుంది. ఈశ్వరి తెల్లారకుండా లేచి వండిపెట్టి, ఎండు నెత్తళ్ళ చేపల గంప ఎత్తుకుని ఆటో ఎక్కి, ఎండలో పడి తిరిగి, మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించాలి. అంతా చేస్తే, మామిడికాయ వేసిన కూర నోట్లో పెట్టుకుని లక్ష్మణమ్మ, "ఉప్పు తగ్గినట్టున్నాదే" అంది.

"ఉప్పు మడుల కాడ్నుంచి వచ్చినోలికి ఎంతేసినా సాలదులే ఒదినా" అంది ఈశ్వరి. లక్ష్మణమ్మ నవ్వేసింది. ఈశ్వరి నవ్వలేదు. తవిటి లక్ష్మణమ్మ ఒళ్ళో కూర్చుని, "అమ్మా, ఇంకో ముద్ద" అంటోంది. అది విన్నప్పుడల్లా ఈశ్వరి గిన్నెల దగ్గరికి పోయేది. ఆ కసంతా గిన్నెల మీద చూపించేది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమి, ఎత్తి దబీమని బోర్లించేది.

ఎల్లాజీ మాత్రం ఆ నాలుగు రోజులూ మరీ మెత్తగా ఉన్నాడు. అడగకుండానే నీళ్ళు మోశాడు. గంప నెత్తికెత్తాడు. మగవాడు ఊరికే మంచివాడైపోతే ఆడది అనుమానించాలి. ఈశ్వరికి ఆ తీరిక లేకపోయింది.

అయిదో రోజు భోగాపురంలో ఎవరింట్లోనో ఫంక్షన్. గంపలో ఉన్నదంతా ఒక్క ఇంట్లోనే దింపించేసుకున్నారు. ఈశ్వరి రోజూకంటే చాలా ముందే ఇంటిదారి పట్టింది. సంబరపడి, పిల్లలకని తోవలో తాటి ముంజెలు కూడా కొంది. వీధి మలుపు తిరిగేసరికి గుమ్మం ముందు ఆటో ఆగి ఉంది. లక్ష్మణమ్మ వెళ్ళిపోతోంది కాబోలు, చెప్పకుండానే పోతోందేమిటి అనుకుంది. దగ్గరికొచ్చేసరికి, కొత్త గౌను వేసుకుని, తలలో కనకాంబరాలతో, కాళ్ళకు కొత్త చెప్పులతో తవిటి ఆటోలో కూర్చుని ఉంది. ఎల్లాజీ పిల్ల బట్టల సంచీని సీటు వెనక్కి తోస్తున్నాడు. పెళ్ళాన్ని చూడగానే వాడి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏటిది?" అంది ఈశ్వరి.

"మరేటీ లేదు. అప్ప ఎల్తన్నాది" అన్నాడు.

"అప్ప ఎల్తాది, సరే. గుంట బట్టలెక్కడికి ఎల్తన్నాయి?"

ఎల్లాజీ ఆటో డ్రైవరు వైపు చూశాడు, సాయం చేస్తాడేమో అన్నట్టు. వాడు మొహం తిప్పేసుకున్నాడు.

లక్ష్మణమ్మే అంది. "అదేటే అలాగడుగుతన్నావు? తవిటిని మా కాడ ఉంచుకుని సదివించడానికి ఒప్పుకున్నావు కదా. మీ అన్నయ్య టెక్కలి ఇంగ్లీషు బడిలో మాటాడీసినాడు. నువ్వుంటే ఏడుస్తావని, నువ్వు లేనప్పుడు ఎల్లిపొమ్మన్నావంట."

"నానన్నానా?"

"ఎల్లాజీ ఫోన్‌లో సెప్పినాడు, నీ కాడ ఆ మాటెత్తితే ఏడుస్తావనీ అన్నాడు. నువ్వు అనకపోతే నానొస్తానేటే?" అంటూ లక్ష్మణమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే, దీనికి సెప్పలేదేట్రా?"

ఈశ్వరి గంప దించింది. పక్కింటి వాళ్ళు ఒక్కొక్కరే అరుగుల మీదికొచ్చారు.

"సెప్పు మావా."

"నీకు సెప్తే ఊరుకుంటావేటి? పాలెమంతా ఏకం సేసీగలవు." అన్నాడు ఎల్లాజీ. "అప్పకి ఎవులున్నారు సెప్పు. మనకి గోవింద్ ఉన్నాడు. గుంటంటావా, ఎప్పటికైనా ఒకలింటికి పోయేదే కదా."

ఈశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయితే అరుస్తుందని చూసినవాళ్ళకు ఆమె గొంతు వినపడనే లేదు, అంత నెమ్మదిగా అంది.

"ఇద్దర్ని ఇసకలో పెట్టి వచ్చినాను మావా. ఆ రెండు సార్లూ నువ్వు యాటలో ఉన్నావు. గొయ్యిలోకి నా సేతుల్తో నానే దించినాను. ఇదొక్కత్తి నిలిసింది. నిలిసిన పిల్లని, నాను ఊరి మీద సేపలమ్ముకుంటంటే, బట్టలు సంచిలో కుక్కి దొంగతనంగా సాగనంపుతన్నావా? నానంటే బయమని సెప్పలేదంటావు. బయమున్నోడివి పని మానుకోవాల. నా ఎనకాల సేస్తావేటి? తవిటి పోతే సాయంత్రం నాకేటి సెప్దామనుకున్నావు? మొహం ఎలాగ సూపిద్దామనుకున్నావు?"

సాయంత్రం దాకా ఎల్లాజీ ఆలోచించనే లేదు.

ఈశ్వరి ఆటోలోకి వంగి పిల్ల రెక్క పట్టుకుంది. "దిగు తవిటీ." పిల్ల బెదిరిపోయి లక్ష్మణమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని, "అమ్మా" అని ఏడుపు లంకించుకుంది.

"అది నీకు అమ్మ కాదు" అంది ఈశ్వరి. ఈసారి పాలెమంతా వినపడింది.

లక్ష్మణమ్మ మొహం మాడిపోయింది. "ఏటే ఆ మాట. నాకు ఆశ పెట్టింది ఎవులు? ఫోన్ సేసినప్పుడల్లా, ఇదిగో అమ్మ, మాటాడు అని దాని సేతికి ఫోనిచ్చింది నువ్వు కాదేటి? ఆ ఒక్క మాట ఇనడానికి నాను రోజూ పొద్దెప్పుడు గూకుతాదా అని సూసుకుంటన్నాను. కొన్నాను కదే. నలుగురిలో తవుడు పోసి కొన్నాను కదే."

"కొన్నావు. అది బతకాలని కొన్నావు. బతికింది. ఇంక నీ పనైపోయింది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అరుగుల మీద వాళ్ళకు కూడా అలాగే అనిపించింది. కానీ కోపంలో ఉన్న మనిషికి ఏ మాట ఎంత లోతుకు దిగుతుందో లెక్కుండదు. దిగాలనే అంటుంది.

లక్ష్మణమ్మ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటిగా తన చీర మీదనుంచి విడదీసి, పిల్లను దింపింది. సంచీ కూడా తీసి కింద పెట్టింది. ఆటో ఎక్కాక తమ్ముణ్ణి చూసి, "నన్ను దొంగని సేసీసినావురా" అంది. ఆటో వెళ్ళిపోయింది. తవిటి దాని వెనక పరుగెత్తబోయింది, ఈశ్వరి పట్టి ఆపింది. పిల్ల ఆమె చేతిని పళ్ళు దిగేలా కొరికింది.

ఎల్లాజీ, "ఇలా తే, నానెత్తుకుంటాను" అని ముందుకొచ్చాడు.

"సెయ్యేసినావంటే సేతులిరగ్గొడతాను. ఆ వల కాడ కూకో. నీ సంగతి తరవాత" అంది ఈశ్వరి. వాడు వెళ్ళి కూర్చున్నాడు.

ఇంట్లోకి వచ్చి తలుపు వేసింది గానీ కోపం బయట ఆగలేదు. మొగుడి మీద కోపం. ఆడబడుచు మీద కోపం, ఆమె ఏడవకుండా వెళ్ళినందుకు ఇంకా కోపం. గోడ మీద ఫోటోలో ఉన్న అత్తగారి మీద మరీ కోపం. 'పిల్లను బతికించే దారి చెప్పావు సరే, వెనక్కి తెచ్చుకునే దారి చెప్పకుండా పోయావేం' అని మనసులోనే నిలదీసింది. అన్నిటికంటే, ఇన్నాళ్ళూ నోరు మూసుకున్న తనమీదే తనకు ఒళ్ళు మండిపోయింది.

దసరా దాకా ఆగేది లేదనుకుంది. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఇటు సూడు. నాను నీ అమ్మని. అను, అమ్మా."

"అత్త" అంది తవిటి వెక్కుతూ.

"అత్త కాదు. నిన్ను కన్నది నానే. అమ్మా అను."

"అమ్మ ఆటోలో ఎల్లిపోయింది. నువ్వు తోలీసినావు."

ఈశ్వరి చెయ్యి లేచింది. లేచిన చేత్తోనే పళ్ళెం అందుకుని అన్నం పెట్టి, నెత్తళ్ళ పులుసు కలిపింది. ముద్ద నోటి దగ్గర పెడితే పిల్ల మొహం తిప్పేసింది. ముంజె వలిచిస్తే నేలకేసి కొట్టింది. బుజ్జగించింది, బెదిరించింది, కోడిపిల్లను చూపించింది. ఏదీ పని చెయ్యలేదు. గోవింద్ తిని ఆటకు పోయాడు. ఎండ వాలింది. బయట ఎల్లాజీ దగ్గుతున్నాడు. పొద్దున్న పాలు తాగిన పిల్ల ఇంతవరకు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఏడ్చి ఏడ్చి ఒళ్ళు కాగిపోతోంది. ఆ వేడి ఈశ్వరి చేతికి తగిలింది. ఆ వేడి ఆమెకు కొత్త కాదు, పోయిన ఇద్దరి దగ్గరా చూసిందే.

చల్లారిన అన్నం పారబోసి, వేడన్నం కొత్తగా కలిపింది. పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

"అమ్మ ఊరెల్లింది. మల్లీ వస్తాది" అంది. ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. "అందాకా అత్త పెడతాది. అత్త ఒళ్ళో కూకుని తిను."

తవిటి ఒక్కసారి ఆమె మొహంలోకి చూసి, నోరు తెరిచింది.