బెల్లంపల్లిలో సగం దారిలో ఆగిన ఇంపెల్లర్

కరీంనగర్‌లో నేనూ లతీఫ్ భాయీ కలిసి కంప్రెసర్లు బాగుచేస్తుంటాం. మొన్న బెల్లంపల్లి దగ్గరి ఒక ఫ్యాక్టరీ నుంచి, అక్కడ మెయింటెనెన్స్ చూసే రాజేశం ఫోన్ చేశాడు. "అక్కా, ఇంపెల్లర్ షాఫ్ట్‌ను ఇడుస్తలేదు. రెండుసార్లు కాల్చి గుంజినం, కదల్లే." ఇంపెల్లర్ అంటే గాలిని లాగి ఒత్తే రెక్కల చక్రం; షాఫ్ట్ అది బిగిసి ఉండే ఇరుసు. ఇంకోసారి తప్పుగా గుంజితే షాఫ్ట్ పాడవుతుంది. కొత్తది వచ్చేదాకా ఫ్యాక్టరీ మూతే.

పొద్దున్నే బస్సెక్కి మంచిర్యాలలో దిగేసరికి రెండు గంటల పైనే పట్టింది. గ్యాస్ సిలిండర్లు బస్సులో ఎక్కనివ్వరు, అందుకే మంట పెట్టే గ్యాస్ టార్చిలు మాత్రమే తెచ్చుకున్నాం; సిలిండర్లు ఫ్యాక్టరీవే. అక్కడి నుంచి ఆటో. "గా ఫ్యాక్టరీకా? మా బామ్మర్ది గాడనే చేస్తడు. మిషిని బందైందని పరేషాన్ల ఉన్నడు. జర మంచిగ చూడుండ్రి," అన్నాడు డ్రైవర్.

షాఫ్ట్‌ను క్రేన్‌తో నిలువుగా వేలాడదీయించి, కింద ఇసుక పోయించాను. చక్రం వేడికి రవ్వంత విప్పారితే తన బరువుకే జారిపోతుంది. వేడి షాఫ్ట్‌కు పాకితే మాత్రం అదీ ఉబ్బి మళ్ళీ పట్టేస్తుంది. మనకు దొరికే సమయం కొద్ది నిమిషాలే.

రెండు మంటలు పెట్టాం. చక్రం కదిలింది, జారింది, సగంలో ఆగిపోయింది.

రాజేశం సుత్తె అందుకున్నాడు. "ఒక్క దెబ్బేస్తే దిగుతది!"

"వద్దు! కిందికెవ్వరు రావద్దు. భాయ్, మంట ఆర్పు."

"ఇప్పుడాపితే గిట్లనే పట్టుకుంటది అక్కా," అన్నాడు లతీఫ్.

"పట్టుకోనీ. షాఫ్టన్న మిగుల్తది."

షాఫ్ట్‌తో సహా అంతా చల్లారడానికి మధ్యాహ్నం దాటింది. నిజంగానే శాశ్వతంగా బిగుసుకుందేమోనని దూరం నుంచే చక్రాన్ని చూస్తూ ఉన్నాను. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు రాజేశం సుత్తె పక్కన పడేసి, మూడో టార్చి తనే పట్టుకున్నాడు. ఈసారి అంచు నుంచి లోపలికి, ముగ్గురం చకచకా తిప్పాం. ఒక్కసారిగా ధబ్బుమని చక్రం ఇసుకలో పడింది.

షాఫ్ట్ మీద గోరుకు తగిలేంత గీత ఒక్కటే ఉంది. నూరితే పోతుంది. "బతికినం అక్కా," అన్నాడు రాజేశం.

తిరుగు బస్సులో నాకు చక్రం పడిన చప్పుడు కాదు, మంట ఆర్పమన్న క్షణమే గుర్తొచ్చింది. సగం జరిగిన పనిని ఆపడం ఇంత కష్టమని నాకు అంతకుముందు తెలియదు. ఇలాంటి పనికి వెళ్ళేవాళ్ళు బయలుదేరే ముందే ఒకటి కనుక్కోండి: షాఫ్ట్‌ను నిలువుగా ఎత్తగల క్రేన్ అక్కడ ఉందా? లేదంటే బస్సెక్కకండి.