చీటీలో వచ్చిన పక్షం

మా చర్చల్లో ఎవరి పక్షాన్ని వాళ్లు ఎంచుకోరు. రెండు చీటీలు రాసి, మడిచి, నా పాత కళ్లద్దాల డబ్బాలో వేస్తాం. చేతికి ఏ చీటీ వస్తే ఆ పక్షం వాదించాలి. నాకు వాదన నేర్పిన పెద్దాయన పెట్టిన పద్ధతి ఇది. కులాన్నీ, జంతుబలుల్నీ, బాబాల్నీ ఎండగడుతూ ఊరూరా తిరిగిన మనిషి ఆయన. ఎదుటివాడి మాటను వాడికంటే బాగా చెప్పగలిగిన రోజునే దాన్ని ఖండించే హక్కు నీకు వస్తుందనేవాడు. నలభై ఏళ్లు నేను ఆ మాట మీదే బతికాను.

దానికి నా సొంత నియమం ఒకటి చేర్చాను. అధ్యక్షుడిగా కూర్చున్నవాడు తన అభిప్రాయం చెప్పకూడదు. మా పావగడ దగ్గర వెంకటమ్మనహళ్లిలో పోలీసు క్యాంపు మీద నక్సలైట్ల దాడి జరిగిన రోజుల్లో నేను ఊరుకోలేక ఒక సభలో అధ్యక్షుడి కుర్చీలోంచే మాట్లాడాను. వాళ్లకు కబురు ఎవరు అందించి ఉంటారో నాకు తెలిసినట్టే మాట్లాడాను. పేరు చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది. కుట్టుమిషను పెట్టుకుని బతికే ఒక మనిషి వైపు అందరి తలలూ తిరిగాయి. అతనికి ఏ సంబంధమూ లేదని తర్వాత తేలింది. తేలేసరికి అతను మిషను బండికెత్తించి ఊరు వదిలేశాడు. ఆ తర్వాత అధ్యక్షుడి కుర్చీలో నోరు కట్టేసుకున్నాను. అది వివేకం అనుకున్నాను.

మా చర్చలు జరిగేది పాత వేరుశనగ గోదాములో. చుట్టూ ఉన్న చేలన్నీ సోలారు కరెంటు ప్లేట్లకు గుత్తకు పోయాక గోదాములో పెట్టడానికి కాయ లేదు. నెలకో ఆదివారం ఇరవైమందిమి చేరేవాళ్లం. కాపలావాళ్లు, ప్లేట్లు కడిగేవాళ్లు, భూమి గుత్తకిచ్చి పొద్దు పోక కూర్చునే రైతులు. చదువుకునే రోజుల్లో కన్నడ బడిలో నేర్చిన మాటతో దాన్ని అందరూ స్పర్ధె, అంటే పోటీ, అనేవాళ్లు. గెలిచినవాళ్ల ముందు ఉడకబెట్టిన కాయలు పెట్టేవాళ్లం. ఆ కాయలు కూడా అరసికెరె నుంచి తెప్పించాల్సి వచ్చేది.

ఉక్రెయిన్ యుద్ధానికి బాధ్యులెవరు అన్న అంశం ఒక కాపలాదారు ప్రతిపాదించాడు. నూనె ప్యాకెట్టు ధర పెరిగినప్పుడల్లా ఇంట్లో ఆ దేశం పేరు వినబడుతోందట, అదేదో తేల్చుకుందామన్నాడు. ఒక చీటీలో రష్యా అని రాశాను. ఇంకో చీటీలో బయటి దేశాల జోక్యం అని రాశాను.

రెండో చీటీ తీసినవాడికి ముప్ఫై ఏళ్లుంటాయి. నిడుగల్లు వైపు నుంచి వచ్చి స్థిరపడిన గొర్రెల కాపరుల ఇంటివాడు. మేపుకునే బీళ్లు ప్లేట్ల కిందికి పోయాయి. గుత్త రావడానికి సొంత భూమి లేదు. పొద్దున్నే గాజు వేడెక్కకముందు ప్లేట్లు కడిగే పని అతనిది. కడుగుతూ తన ప్రసంగాన్ని వరుసల మధ్య గట్టిగా చెప్పుకునేవాడని తోటి పనివాళ్లు నవ్వుతూ చెప్పేవారు. నేను అంతగా ఇష్టపడిన శిష్యుడు ఇంకొకడు లేడు.

అతనికి ఎదురుగా నిలబడింది నలభై ఎకరాలు గుత్తకిచ్చిన రైతు. వెటకారం ఆయనకు మాతృభాష. ఆ పూట వాళ్లిద్దరూ గంటసేపు వాదించారు. సైనిక కూటములు ఎలా పెరిగాయో, ఎవరు ఎవరికి ఆయుధాలిచ్చారో, ఎవరి టీవీ ఏ శవాన్ని చూపించి ఏ శవాన్ని దాచిందో, అన్నీ వచ్చాయి. చివరికి విషయం గెనిమ దగ్గరికి, చేని గట్టు తగాదా దగ్గరికి వచ్చింది.

"నీ గెనిమ మీదికి పక్కోడు బయటి రౌడీల్ని తెచ్చి కూర్చోబెడితే నువ్వు గమ్మునుంటావా పెద్దప్పా?" అన్నాడు ఇతను.

"పంచాయతికి పోతా. వాని ఇంట్లో దూరి పిల్లోల్ని సంపుతానా? ఇంతకీ నీకు గెనిమ యాడుండాదప్పా?"

గోదామంతా నవ్వింది. ఇతనూ నవ్వాడు.

"లేదు కాబట్టే పెద్దప్పా, ఉండేవాళ్లు దేనికోసరం కొట్లాడతారో పక్కన నిలబడి బాగా చూసినా."

చేతులెత్తి ఓటు వేస్తే అతనే గెలిచాడు. కాయలు అతని ముందు పెట్టాం. నిజానికి పంచాయతి మాటే సరైన మాట. పొరుగు దేశం హద్దు దాటి సైన్యాన్ని నడిపినవాడిదే మొదటి నేరం. మిగిలినవాళ్ల పాపాలు ఎన్నయినా లెక్కకు రావలసినవే, కానీ వాటి వరుస ఆ తర్వాతే. అది నాకు ఆ రోజూ తెలుసు. అధ్యక్షుడిని కాబట్టి చెప్పలేదు. ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. కుర్రతనంలో సోవియట్ దేశంలో అచ్చయి వచ్చిన తెలుగు పుస్తకాల నున్నటి కాగితం మీదే నేను ప్రపంచాన్ని చదివాను. ఆ కాగితం మీది మమకారం కూడా నా నోటిని కొంత నొక్కి ఉంటుంది.

వాదనకు సరుకు ఫోనులో వెతుక్కోమని అతనికి చెప్పింది నేనే. స్పర్ధె కోసం చూస్తున్నాడో, నమ్మకంతో చూస్తున్నాడో ఫోనుకు తేడా తెలియదు. స్పర్ధె అయిపోయాక కూడా అది వీడియోలు పంపుతూనే ఉంది. తెలుగు గొంతు పెట్టినవి, హిందీవి, ట్యాంకుల మీద పాటలు కట్టినవి. వాటి మధ్యలో ఒకనాడు ఒక ఏజెంటు వచ్చాడు. రష్యా సైన్యంలో సహాయకుడి పని, సామాన్లు మోయడమే, తుపాకీ జోలి ఉండదు, కొన్నాళ్లు చేస్తే ఆ దేశం కాగితాలు కూడా ఇస్తారు అన్నాడు.

అతను పోతానని ఇంట్లో పట్టుబట్టాడు. మరుసటి నెల స్పర్ధె నాడు అతని భార్య గోదాముకు వచ్చింది. ప్లేట్ల మధ్య గడ్డి కోసే పని ఆమెది. ఐదేళ్ల కూతురు కొంగు పట్టుకుని నిలబడింది. అతను ముందు వరుసలోనే తల వంచుకుని కూర్చున్నాడు.

"సార్, ఆయప్ప నా మాట ఇనడు. మీ మాట ఇంటాడు. ఆడ ఎవురు నిజం చెప్తాండారో, పోతే ఏమైతాదో మీరు ఒక్క మాట చెప్పండి సార్."

అతను తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపు ఎదురుచూపే. ఇప్పుడు ఎన్నిసార్లు తలుచుకున్నా అది ఎదురుచూపే. నేను మాత్రం ఈ కుర్చీలో ఉన్నవాడు సొంత అభిప్రాయం చెప్పడమ్మా అన్నాను. దాన్నే ఈ రోజు అంశంగా పెడదాం, అన్ని కోణాలూ బయటికి వస్తాయి, అతనే ఆలోచించుకుంటాడు అన్నాను. పోవాలి, పోకూడదు అని రెండు చీటీలు రాశాను. ఇంత మూర్ఖత్వం చేయడానికి చదువు కావాలి. చదువులేనివాడైతే పోవద్దురా అని చెయ్యి పట్టుకుని లాగేవాడు.

మొదటి చీటీ ఆమెను తీయమన్నాను. ఆమె అక్షరాలు కూడబలుక్కుని చదువుకుంది. పోవాలి అని వచ్చింది. ఆ చీటీని మళ్లీ మడిచి నా చేతిలో పెట్టింది.

"నేననుకునేది చెప్పేదానికి చీటీ లేదా సార్?"

ఎవరో నవ్వారు. నేను నియమం వివరించాను. ఆమె గోడ పక్కకు వెళ్లి కూతుర్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చీటీ వెటకారపు రైతు తీసుకున్నాడు. మిగిలిన చీటీ ఆమె భర్తకు వచ్చింది: పోకూడదు.

ఆ రోజు అతను మాట్లాడినట్టు ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. సామాన్లు మోయడానికని పిలిచినవాడు తుపాకీ ఇవ్వడని హామీ ఎవరిస్తారన్నాడు. చదవలేని భాషలో సంతకం పెట్టినవాడికి ఏ కోర్టు ఉంటుందన్నాడు. ఆ దేశపు పెద్దింటి పిల్లలు పోని చోటికి పావగడ నుంచి మనిషిని ఎందుకు పిలుస్తారన్నాడు. చివర కూతురి వైపు వేలు చూపించాడు. "ఈ బిడ్డకి నాయన కావల్లా, నాయన పంపే ఫొటో కావల్లా?" అన్నాడు. వెటకారపు రైతు కూడా తన వంతు వాదన మానుకుని చెయ్యెత్తాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అందరం గెలిచాం అనుకున్నాం. పోయేటప్పుడు ఆమె నాకు దండం పెట్టింది. అలాంటివి నాకు నచ్చవని తెలిసి కూడా పెట్టింది. ఆ పూట నేను అడ్డు చెప్పలేదు.

పది రోజులకు అతను వెళ్లిపోయాడు. బెంగళూరులో పని ఉందని చెప్పి పొద్దున బస్సెక్కాడు. దేశం దాటాక ఫోను చేశాడు. అన్ని మాటలు చెప్పి ఎట్ల పోతివప్పా అని ఆమె అడిగితే, అది స్పర్ధె కదా, ఆ పొద్దు నాకొచ్చిన చీటీ అది అన్నాడట. ఆమె ఆ మాటను కోపం లేకుండా, సందేహం అడిగినట్టు నా దగ్గరికి తెచ్చింది. దాని అర్థమేంటని అడిగింది. ఏ మాటనైనా నమ్మకుండా చెప్పడం అతనికి నేర్పినవాడిని నేను.

మొదట్లో వారానికోసారి ఫోను వచ్చేది. సామాన్లే మోస్తున్నానన్నాడు. తర్వాత ఒక ఫొటో వచ్చింది. దాంట్లో అతని తల మీద ఇనప టోపీ, భుజానికి తుపాకీ, వెనక మంచు. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఏజెంటు నంబరు మోగదు. ఒక దేశం టీవీ అక్కడ విదేశీయులెవరూ లేరంటుంది. ఇంకో దేశం టీవీ విదేశీయులు గుంపులుగా చస్తున్నారంటుంది. నలభై ఏళ్ల వాదన చదువుతో నేను రెంటినీ చీల్చి చూపించగలను. అతను బతికి ఉన్నాడో లేదో చెప్పలేను.

స్పర్ధె ఆగిపోయింది. కళ్లద్దాల డబ్బా మాత్రం ఇంకా నా బల్ల మీదే ఉంది.

ఢిల్లీకి అర్జీ రాయాలని ఆమె ఫొటో పట్టుకుని వచ్చింది. రాశాను. ఎలా వెళ్లాడు అన్న చోట కలం ఆగింది. ఏజెంటు మోసం, ప్రచారపు వీడియోలు, హద్దు దాటి యుద్ధం తెచ్చిన ప్రభుత్వం, అన్నీ రాశాను. భార్య వచ్చి ఒక్క మాట చెప్పమని అడిగితే చెప్పని మనిషి ఒకడు ఈ ఊళ్లో ఉన్నాడని కూడా రాశాను. అర్జీలో అలాంటి వాక్యానికి చోటు లేదని తెలుసు, అయినా కొట్టేయలేదు.

చదివి వినిపించాను. ఆమె కాగితాన్ని తన వైపు తిప్పుకుంది.

"దీంట్లో రాసిండేది మీరు నమ్మిండేదేనా సార్, లేకుంటే..."

అవునమ్మా, నేను నమ్మిందే అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. అది నమ్మిన చూపు కాదు. కలం అందుకుని, ఒక్కో అక్షరం నొక్కి సంతకం పెట్టింది.

జవాబు ఇంకా రాలేదు.